పోస్ట్‌ఫిక్స్ లోకల్ డెలివరీ: దాని పనిని దాన్నే చేసుకోనివ్వాలా, డవ్‌కాట్ ఎల్‌ఎంటీపీకి అప్పగించాలా?

మెయిల్‌సంచి:
సొంత మెయిల్ సర్వర్, పదిమంది సిస్టమ్ యూజర్లు. మెయిల్ తీసుకునేది పోస్ట్‌ఫిక్స్, యూజర్లకు ఐమ్యాప్‌లో చూపేది డవ్‌కాట్. లాగ్‌లో ‘స్టేటస్=సెంట్ (డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్)’ అని పడుతోంది, ఐమ్యాప్‌లో ఇన్‌బాక్స్ ఖాళీ. ఎల్‌ఎంటీపీకి (పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ని డవ్‌కాట్‌కి అందించే ప్రోటోకాల్) మారితే ఈ తిప్పలుండవని కొందరు, పదిమందికి అదెందుకని కొందరు. ఏది సబబు?

లాగ్‌పురుగు:
మెయిల్ ఎక్కడికీ పోలేదు. లాగ్‌లో ‘టు మెయిల్‌బాక్స్’ అంటే ఎంబాక్స్ (మెయిళ్లన్నీ ఒకే ఫైల్లో ఉండే పద్ధతి) ఫైల్లోకి రాసిందని అర్థం. మెయిల్‌డిర్ (ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫైలు) అయితే ‘టు మెయిల్‌డిర్’ అనేది. /వార్/మెయిల్ కింద యూజర్ పేరుతో ఉన్న ఫైలు సైజు చూడండి, పెరుగుతూ ఉంటుంది. డవ్‌కాటేమో హోమ్‌లోని మెయిల్‌డిర్‌లో వెతుకుతోంది. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో ‘హోమ్_మెయిల్‌బాక్స్ = మెయిల్‌డిర్/’ రాసి రీలోడ్ చేయండి. చివరి స్లాష్ మరిచారో, మళ్లీ ఎంబాక్సే. ఒక్క లైనుతో తీరేదానికి ఇంకో సర్వీసు దేనికి?

క్యూకాపరి:
లైను ఒక్కటే, కాదనను. మెయిల్ ఎక్కడుందో రెండు ప్రోగ్రాములకు విడివిడిగా చెప్పాల్సి రావడమే అసలు జబ్బు. డవ్‌కాట్ 2.4లో మెయిల్ చోటు చెప్పే మెయిల్_లొకేషన్ సెట్టింగు తీసేసి మెయిల్_డ్రైవర్, మెయిల్_పాత్ పెట్టారు. ఇలా ఒకవైపు మార్చి రెండోవైపు మరిస్తే మళ్లీ ఇదే కథ. పైగా పోస్ట్‌ఫిక్స్ నేరుగా రాస్తే సీవ్ ఫిల్టర్లు (వచ్చిన మెయిల్‌ని ఫోల్డర్లలోకి సర్దే రూల్స్) నడవవు, డవ్‌కాట్ కోటా (పెట్టె సైజుకి హద్దు) అడ్డుపడదు.

మారేటప్పుడు మాత్రం మెయిల్‌బాక్స్_ట్రాన్స్‌పోర్ట్ మార్చండి, లోకల్_ట్రాన్స్‌పోర్ట్ జోలికి వెళ్లొద్దు. మెయిల్‌ని వేరే అడ్రస్‌కి మళ్లించే ఏలియాసెస్ ఫైలునీ .ఫార్వర్డ్‌నీ చదివేది పోస్ట్‌ఫిక్స్‌లోని లోకల్ ప్రోగ్రామే. దాన్ని తప్పిస్తే రూట్‌కి వచ్చే మెయిల్ దారి తప్పుతుంది. విలువ ‘ఎల్‌ఎంటీపీ:యూనిక్స్:ప్రైవేట్/డవ్‌కాట్-ఎల్‌ఎంటీపీ’. రెండూ మాట్లాడుకునే సాకెట్ /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్/ప్రైవేట్ కింద, ఓనర్ పోస్ట్‌ఫిక్స్, మోడ్ 0600. మెయిన్.సీఎఫ్‌లో పూర్తి పాత్ రాస్తే క్రూట్‌లో (ప్రోగ్రామును ఒక్క డైరెక్టరీకే కట్టేసే ఏర్పాటు) ‘నో సచ్ ఫైల్’ అని క్యూ పేరుకుంటుంది.

లాగ్‌పురుగు:
అసలు చిక్కు చెప్పలేదు మీరు. ఎల్‌ఎంటీపీకి పూర్తి అడ్రస్ వెళ్తుంది, పాస్‌వర్డ్ ఫైలుకి తెలిసింది ఉత్త పేరే. డవ్‌కాట్ జవాబు 550 5.1.1, యూజర్ లేడు. ఇక కోటా నిండితే? పోస్ట్‌ఫిక్స్ అప్పటికే మెయిల్ తీసుకుంది, డవ్‌కాట్ కాదంది. బౌన్స్ (అందలేదని చెప్పే తిరుగు మెయిల్) పోయేది స్పామర్ వాడిన దొంగ అడ్రస్‌కి.

క్యూకాపరి:
మొదటిది ఆథ్_యూజర్‌నేమ్_ఫార్మాట్‌తో తీరుతుంది: 2.3లో %ఎల్ఎన్ పెడితే డొమైన్ తెగిపోతుంది. రెండోది ఒప్పుకుంటాను. డవ్‌కాట్ కోటా-స్టేటస్ సర్వీసుని ఎస్‌ఎంటీపీడీ_రెసిపియంట్_రిస్ట్రిక్షన్స్‌లో పాలసీ సర్వీసుగా (మెయిల్ తీసుకోవాలా వద్దా అని పోస్ట్‌ఫిక్స్ ముందే అడిగే సర్వీసు) తగిలించాలి. అప్పుడు నిండిన పెట్టెకి వచ్చే మెయిల్ గుమ్మంలోనే ఆగుతుంది.

స్పూల్‌రాయుడు:
మీరిద్దరూ డొమైన్ సంగతి వదిలేశారు. ఒకే డొమైన్ మైడెస్టినేషన్‌లోనూ (సిస్టమ్ యూజర్ల డొమైన్లు) వర్చువల్_మెయిల్‌బాక్స్_డొమైన్స్‌లోనూ (సిస్టమ్ అకౌంట్ అక్కర్లేని పెట్టెల డొమైన్లు) ఉంటే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో వార్నింగ్ ఇస్తుంది, ఎవరూ చదవరు. ‘పోస్ట్‌కాన్ఫ్ -ఎన్’ కొట్టి ముందది చూడండి.

మెసేజ్_సైజ్_లిమిట్‌ని 51200000 దాటించి మెయిల్‌బాక్స్_సైజ్_లిమిట్‌ని డిఫాల్ట్ 51200000 దగ్గరే ఉంచితే లోకల్ ఫేటల్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. సంఖ్యలు బైట్లలో ఉంటాయి, సున్నాలు లెక్కపెట్టుకోండి.

నా ఓటు? ఫిల్టర్లు, కోటా అక్కర్లేని పదిమందికి హోమ్_మెయిల్‌బాక్స్ చాలు. ఏ దారి పట్టినా ఎంబాక్స్‌లో ఇప్పటికే పడ్డ మెయిల్ తనంతట తాను కదలదు, ‘డవ్‌ఆడమ్ ఇంపోర్ట్’తో లాక్కోవాలి.