ఫ్లాష్ బంగారు బూట్లకి వేసిన రంగు చీలమండ దగ్గర పగిలిపోతోంది, ఏం చేయాలి?

మెరుపు వేగంతో పరిగెత్తే సూపర్‌హీరో ఫ్లాష్ మీద 2014లో 'ది ఫ్లాష్' టీవీ సీరీస్ మొదలైనప్పటి నుంచి కామిక్స్‌లో ఉన్నట్టు బంగారు రంగు బూట్లు ఎప్పుడిస్తారా అని ఎదురుచూసిన బ్యాచ్ మాది, చివరికి 2021లో ఎనిమిదో సీజన్‌లో ఫ్లాష్‌గా వేసిన గ్రాంట్ గస్టిన్ కాళ్లకి అవి కనిపించాయి. ఇప్పుడు ఆ సూట్‌కే కాస్‌ప్లే (అచ్చం ఆ పాత్రలా వేషం కట్టడం) చేస్తున్నాను. సూట్, మాస్క్ అయిపోయాయి, బూట్లే తేలట్లేదు.

నావి రెగ్జిన్ బూట్లు, మోకాలి కింద వరకు వస్తాయి, జిప్ పక్కన ఉంటుంది. ముందు మామూలు గోల్డ్ స్ప్రే పెయింట్ కొట్టాను. ఆరాక అద్దంలా మెరిసింది కానీ కాసేపు నడిచేసరికి మడత పడే చోట సన్నటి గీతలు, ఆ తర్వాత పొలుసులు. అదంతా గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, సన్న ఎమరీ పేపర్‌తో రుద్ది, అక్రిలిక్ రంగు పలచగా పొరలు పొరలుగా వేశాను, పైన క్లియర్ కోట్ కూడా. రాత్రంతా ఆరనిచ్చినా అదే కథ. పిక్క భాగంలో మాత్రం చెక్కుచెదరలేదు, వంగే చోటే గొడవంతా. నిలబడి ఫోటో దిగడానికైతే పర్లేదు, కానీ ఫ్లాష్ అన్నాక కాస్తయినా పరిగెత్తాలిగా!

రెగ్జిన్ ఎంత వంగినా పగలకుండా ఉండాలంటే ఏ రకం మెటాలిక్ గోల్డ్ రంగు వాడాలి?