‘లేని తీరున’ గీశాడా, ‘కాని తీరున’ గీశాడా?

రెండు రోజులుగా ఒక వాక్యం వదలడం లేదు. జపాన్ చిత్రకారుడు షరకు గీసిన కబుకి (అక్కడి సంప్రదాయ నాటకం) నటుల బొమ్మల గురించి ఆ కాలపు రచయిత ఓతా నాంపో జపనీస్‌లో రాసిన మాట. నిజాన్ని మరీ నిజంగా గీయబోయి ‘అరాను సమ’గా గీశాడు, అందుకే ఎక్కువ కాలం చెల్లలేదు, ఒకటి రెండేళ్లలో ఆగిపోయింది అని భావం. ఆ రెండు మాటలకు ‘లేని తీరు’ అన్న అర్థం ఎక్కడో చదివినట్టు గుర్తు. సరైనదేనా?

— ముందు అక్షరం చూడండి. ‘అరాను’ కాదు, ‘అరను’. దీర్ఘం లేదు. ‘అరి’ అంటే ఉండటం, ‘ను’ వ్యతిరేకం. కాబట్టి ‘లేని’ సరైనదే.

— మాస్టారూ, వ్యుత్పత్తి దగ్గరే ఆగిపోతే ఎలా? వాడుకలో ‘అరను’ అంటే తగని, అనుకోని అని. మన ‘కాని’ లాంటిది. కానిపని, కానిమాట అంటాం కదా. మనం ‘కాదు’లోంచి ‘తగదు’కి వెళ్లాం, వాళ్లు ‘లేదు’లోంచి వెళ్లారు.

1794లో త్సుతాయా జూజబురో ప్రచురించిన ఆ 28 పెద్ద తలల బొమ్మలు చూడండి. అభ్రకం మెరిసే నల్లటి నేపథ్యం, ముందు ఒక్క మొహం. ఆడవేషం కట్టిన సెగావా తోమిసబురో బొమ్మలో మగపోలిక దాచనే లేదు. అభిమాని కొనేది వేషాన్ని. షరకు చూపింది వేషం కింది మనిషిని. అది లేనిది కాదు, ఉన్నదే. ఉన్నది చూపడమే కానిపని అయింది.

— మరి నటుడు మూడో ఓతాని ఓనిజి బొమ్మలో చేతులు? డబ్బు దోచుకోవడానికి వచ్చిన నౌకరు వేషం. కిమోనోలోంచి పొడుచుకొచ్చిన ఆ చేతులు మొహం పక్కన మరీ చిన్నవి. అలాంటి చేతులు ఏ మనిషికీ లేవు. నేను ‘లేని’ వైపే.

— ‘కాని’ అనగానే వేమన ‘కానివాని’ గుర్తొచ్చాడు. తాటి కింద తాగింది పాలే, చూసేవాళ్లకు కల్లు. షరకు గీసింది నిజమే, కొనేవాళ్లకు తప్పు. ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

— పోలిక బాగుంది అక్కా. కానీ ‘తాటి’ కాదు, ‘తాడి క్రింద’. మా తాతగారు అలాగే చదివేవారు.

— మా ఇంట్లో పుస్తకంలో ‘తాటి’ అనే ఉంది. పేజీ ఫోటో పెడతాను.

— పెట్టండి. నేనూ మా ప్రతి వెతుకుతాను.

— అయ్యా, ‘సమ’ అంటే తీరేనా, రూపమా? అదీ తేల్చండి.

— ముందు తాడి సంగతి చూద్దాం.