చంద్రమతి వేషం ఎప్పుడు వదులుకోవాలి?

ప్రశ్న (కోవూరు, నెల్లూరు జిల్లా)

పద్యనాటకాలు ఆడేవారు, తెల్లవార్లూ కూర్చుని చూసేవారు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలిసి రాస్తున్నాను. నేను యాభైకి దగ్గరపడుతున్న రంగస్థల నటిని. మా అమ్మ కూడా నటే. లోహితాస్యుడి వేషంతో మొదలుపెట్టి చంద్రమతి, సత్యభామ, చింతామణి వరకూ వచ్చాను. పెన్నకు ఈవలా ఆవలా తిరునాళ్ళు జరిగే ఊళ్ళలో నా ముఖం కంటే నా గొంతును గుర్తుపట్టేవారే ఎక్కువ.

ఈ ఏడాది మా కాంట్రాక్టరు తులాభారంలో సత్యభామకు వేరే అమ్మాయిని మాట్లాడి, నన్ను రుక్మిణికి రమ్మన్నాడు. అమర్యాదగా ఏమీ మాట్లాడలేదు. "అక్కా, కమిటీ వాళ్ళు ఫొటోలు అడుగుతున్నారు" అన్నాడు, అంతే. పూర్వం పద్యం ఎలా పాడుతుందని అడిగేవారు, ఇప్పుడు ఫోనులో ఫొటో పంపమంటున్నారు.

చింతామణి ఆడే రోజుల్లో మాకు వయసుతో పాటు మారడానికి ఒక దారి ఉండేది. చింతామణి వేషం మానుకున్న నటి అదే నాటకంలో తల్లి శ్రీహరి వేషానికి మారేది, మాటల చమత్కారం ఉంటే చింతామణికంటే ఎక్కువ చప్పట్లు కొట్టించుకునేది. 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించినప్పటి నుండి నాకు ఆ దారి లేదు. అందులోని వైశ్యుడు సుబ్బిశెట్టి పాత్రను అడ్డం పెట్టుకుని కొందరు ఆ కులాన్ని ఎగతాళి చేస్తూ హద్దులు మీరిన మాట నిజమే, బాధపడినవారి బాధను నేను కాదనను. అయితే సుబ్బిశెట్టి పేరుతో జరిగిన తప్పుకు శ్రీహరి వేషం ఏం చేసిందో ఎవరూ ఆలోచించలేదు.

అసలు సంగతి ఇంట్లో ఉంది. మా ఆయన హార్మోనిస్టు, పెళ్ళికి ముందు నుండీ నా పద్యాలకు ఆయనే వాయిస్తున్నారు. ఈమధ్య నన్ను అడగకుండానే శ్రుతి ఒక మెట్టు తగ్గించి పట్టుకుంటున్నారు. నా మీద ప్రేమతో అలా చేస్తున్నారో, నా పని అయిపోయిందని తేల్చేశారో తెలియడం లేదు, అడగాలంటే భయంగా ఉంది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. పెళ్ళివారు అడిగితే తల్లికి కుట్టుమిషను ఉందని మావాళ్ళు చెబుతున్నారు. మిషను ఉన్నది నిజమే, నా వేషాలకు జాకెట్లు కుట్టుకునేది దాని మీదే.

రుక్మిణికి ఒప్పుకోవాలా, పేరున్నప్పుడే ముఖానికి రంగు వేసుకోవడం మానేయాలా?

జవాబు (ఒంగోలు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

అమ్మా, మా జిల్లా ఆడపడుచు సంగతి చెబుతాను. భానుమతీ రామకృష్ణ ఒంగోలుకు దగ్గరలోని దొడ్డవరంలో 1925లో పుట్టారు, 1939లో సినిమాకు వెళ్ళారు. 1951లో మల్లీశ్వరిలో ఎన్.టి. రామారావు సరసన నాయికగా నటించిన ఆమె, 1974లో అదే రామారావు దర్శకత్వం వహించి, తానూ నటించిన తాతమ్మ కలలో తాతమ్మ అయ్యారు. ఆయనకంటే ఆమె రెండేళ్ళు చిన్న. పురుషుడికి నాయకుడి వేషం మిగిలి ఉన్న వయసులో స్త్రీకి నెరిసిన జుట్టు తగిలించడం మన పరిశ్రమకు కొత్తేమీ కాదు.

అయినా ఆమె కథను వయసు చేసిన అన్యాయంగా నేను చదవలేను. 1953లోనే చండీరాణిని మూడు భాషలలో స్వయంగా దర్శకత్వం వహించి తీశారు, భర్తతో కలిసి భరణీ సంస్థను నడిపారు, అత్తగారి కథలు రాశారు, తన పాటలు తానే పాడుకున్నారు. ఎవరో వేషం ఇస్తేనే నిలిచే స్థితిలో ఆమె ఎన్నడూ లేరు. 1984లో మంగమ్మగారి మనవడులో బామ్మగా వచ్చినప్పుడు కూడా పేరులో మంగమ్మే ముందుంది. మీకు స్టూడియో లేదని నాకు తెలుసు. కానీ ఇన్ని నాటకాల పద్యాలు, పాత బాణీలు మీ నోటికి వచ్చు. ఆ కొత్త సత్యభామకు నేర్పించేవారు ఎవరు?

జవాబు (కనిగిరి, రంగస్థల నటి)

అక్కా, మాస్టారు చెప్పింది బాగానే ఉంది గానీ నేర్పినందుకు డబ్బు ఇచ్చేవారిని నేను ఇంతవరకూ చూడలేదు. రుక్మిణి ఒక్క తులసిదళంతో నెగ్గుతుంది కదా అని మిమ్మల్ని ఓదార్చేవాళ్ళు కూడా వస్తారు. ఆ వేషానికి పద్యాలెన్ని, పారితోషికమెంత అని వాళ్ళను అడగండి.

మీరు తులాభారం గురించి బాధపడుతూ హరిశ్చంద్రను మరిచిపోతున్నారు. మన వైపు ఒకే రాత్రి నాటకంలో సీన్లు పంచుకుని ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు, వాళ్ళకు తగ్గట్టు ఇద్దరు చంద్రమతులు రావడం అలవాటే కదా. ముందు సీన్లు ఆ అమ్మాయికి వదిలేసి కాటి సీను మీరు అడగండి. చచ్చిన బిడ్డను మోసుకుని వచ్చి కాటిసుంకానికి డబ్బులేక నిలబడిన తల్లికి నున్నటి బుగ్గలు అక్కరలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు, సగం జనం దుప్పట్లు కప్పుకుని పడుకున్నాక, వాళ్ళను లేపి కూర్చోబెట్టగలిగే గొంతు కావాలి. ఇరవై ఏళ్ళ పిల్ల అక్కడ గట్టిగా ఏడుస్తుంది, రాగం కూడా తీస్తుంది, కానీ పద్యానికీ పద్యానికీ మధ్య ఎంతసేపు ఆగాలో ఆమెకు ఇంకా తెలియదు. తెలిసేసరికి ఆమె ఫొటో కూడా కమిటీ వాళ్ళకు నచ్చదు, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. సగం నాటకానికే వస్తున్నారు కాబట్టి సగం డబ్బు అంటారు, ఒప్పుకోవద్దు. రాత్రంతా మేలుకోవడం తప్పదు, రానూపోనూ కారు ఖర్చూ తగ్గదు.

జవాబు (నెల్లూరు, మూలపేట)

నేను నాటకాలు ఎక్కువగా చూసినవాడిని కాను, కాబట్టి రెండు మాటలే. మన నెల్లూరు వాణిశ్రీ నాయికగా వెలిగిపోతున్న 1975లోనే జీవనజ్యోతిలో తల్లీ కూతురూ రెండు పాత్రలూ తానే వేశారు. తరువాత సంసారంలో పడి చిత్రాలకు దూరమై, 1989లో అత్తకు యముడు అమ్మాయికి మొగుడుతో అత్తగా తిరిగి వచ్చినప్పుడు ఆ పొగరూ ఆ చీరకట్టూ చూడడానికే మా ఇంట్లో ఆడవాళ్ళు రెండోసారి వెళ్ళారు.

ఇక సంబంధం విషయం. పెళ్ళివారి దగ్గర దాచవద్దండీ. ఏదో ఒక తిరునాళ్ళలో మీ అమ్మాయి కాబోయే అత్తగారు ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ నమస్కారాలు. మీ జవాబులు మా ఆయనకు చదివి వినిపించి, ఆ ఊపులోనే శ్రుతి సంగతి కూడా అడిగేశాను. "పై శ్రుతిలో నీ రాగం వినపడేది, మాట వినపడేది కాదు. ఇప్పుడు మాట వినపడుతోంది" అన్నారు. పూర్తిగా నమ్మలేదు గానీ, తిరిగి పైశ్రుతికి వెళ్ళమని అడగలేదు కూడా.

మాస్టారూ, ఆ అమ్మాయి నా దగ్గరకు రాలేదు, పిలవడానికి నాకింకా మనసు రాలేదు, అది ఉన్నమాట. పెళ్ళివారి సంగతి మా అమ్మాయే తేల్చింది, తన తల్లి నటి అని చూపుల రోజున తానే చెబుతానంది. కాంట్రాక్టరుకు ఫోను చేసి రుక్మిణికి రానని, హరిశ్చంద్రలో కాటి సీను అయితే వస్తానని చెప్పాను. ఆలోచించి చెబుతానన్నాడు. కనిగిరి చెల్లెమ్మా, మీవైపు కాటి సీను ఒక్కదానికే వచ్చే చంద్రమతికి ఇప్పుడు ఎంత ఇస్తున్నారో, అడ్వాన్సు ముందే పుచ్చుకుంటున్నారో లేదో చెబితే, అతను మళ్ళీ ఫోను చేసేలోగా ఒక అంకె అనుకుని ఉంటాను.