గేమ్ స్టూడియోలో టెస్టర్ ఉద్యోగం వచ్చింది, అక్కడి పని నిజానికి ఎలా ఉంటుంది?

ప్రశ్న (కాకినాడ, బీటెక్ చివరి సంవత్సరం)

అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రస్తుతం నా చేతిలో రెండు అవకాశాలు ఉన్నాయి. ఒకటి, క్యాంపస్ నియామకాల్లో ఎంపికైన ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం. అయితే ఎప్పుడు చేర్చుకుంటారో వారు ఇంతవరకు చెప్పలేదు. రెండోది, హైదరాబాదులో రాయదుర్గం దగ్గర ఉన్న ఒక వీడియో గేమ్ స్టూడియోలో టెస్టర్ ఉద్యోగం. ఇది 11 నెలల కాంట్రాక్టు, జీతం మొదటిదానికంటే కొంత తక్కువ, కానీ వచ్చే నెలలోనే చేరమంటున్నారు.

నా మనసు రెండోదాని వైపే ఉంది. మా నాన్నగారు మాత్రం ఆ మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోతున్నారు. మా వీధిలో ఒకరు ఫోనులో రమ్మీ ఆడి ఉన్న ఎకరం పొలం అమ్ముకున్నారు కనుక, గేమింగ్ కంపెనీ అంటే ఆయన దృష్టిలో జూదం కంపెనీయే. మా అమ్మ అయితే "రోజంతా ఆడుకుంటే జీతం ఇస్తారా?" అని నవ్వుతోంది. ఈ రంగంలో పనిచేస్తున్నవారు అక్కడి రోజువారీ పని గురించి, పని గంటల గురించి, ముందు ముందు ఎదిగే వీలు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పగలరా?

మొదటి జవాబు (హైదరాబాదు, టెస్టింగ్ విభాగంలో ఏడేళ్లు)

ముందు మీ నాన్నగారి సందేహం తీర్చాలి, ఎందుకంటే అది కొట్టిపారేయవలసిన సందేహం కాదు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ యాప్‌లనూ మేము తయారుచేసే ఆటలనూ పత్రికలు "గేమింగ్" అనే ఒకే మాటతో పిలవడం వల్ల ఈ తికమక పుట్టింది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటికీ ఆ నిషేధాన్ని వర్తింపజేస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను (పోటీలుగా నడిచే వీడియో ఆటలను), డబ్బు పందెం లేని మామూలు ఆటలను ప్రోత్సహించాలని విడిగా చెప్పింది. మా ఇంట్లోనూ ఇదే గొడవ జరిగింది. కంపెనీకి డబ్బు ఎవరి దగ్గర నుంచి, దేనికి వస్తుందో కాగితం మీద గీసి చూపించిన తర్వాత గాని మా నాన్నగారు మెత్తబడలేదు. మీరూ ఆ పని చేయండి. ముందు మీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ ఏ కోవలోనిదో మీరు తెలుసుకోండి.

ఇక మీ అమ్మగారి ప్రశ్న. నేను చేరిన మొదటి నెలలో నాకు అప్పగించిన పని ఒక కోటలోని గోడలన్నిటినీ తడమడం. ఆటలోని పాత్రను గోడకు ఆనించి, నడిపిస్తూ, పరుగెత్తిస్తూ, గెంతిస్తూ, దొర్లిస్తూ ప్రతి మూలలోకీ నెట్టి చూడాలి. ఎక్కడైనా ఆ పాత్ర గోడలోంచి అవతలికి జారి, బొమ్మల లోకం అడుగున ఉండే బూడిదరంగు శూన్యంలోకి పడిపోతే అది ఒక బగ్. ఆ కోటలో 43 గదులు ఉన్నాయి. నాకు ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు పొద్దున బొమ్మలు గీసే బృందం మెట్లు మార్చింది, కొత్త బిల్డ్ (మార్పులన్నీ కలిపి తయారుచేసిన ఆట ప్రతి) వచ్చింది, నేను మళ్ళీ మొదటి గదికి వెళ్ళాను.

మామూలు రోజున పొద్దున్నే కొత్త బిల్డ్ దించుకుని, ఆట తెరుచుకుంటుందా, సేవ్ అవుతుందా, మొదటి పది నిమిషాలు క్రాష్ కాకుండా నడుస్తుందా అని చూస్తాము. దీన్ని స్మోక్ టెస్ట్ అంటారు. తర్వాత, నిన్న సరిచేశామని డెవలపర్లు చెప్పిన బగ్గులు నిజంగా పోయాయా, పోతూ పోతూ పక్కదాన్ని దేన్నైనా పాడుచేశాయా అని చూస్తాము. మధ్యాహ్నం నుంచి టెస్ట్ కేసుల పట్టిక పట్టుకుని కూర్చోవడమే. విడుదల దగ్గరపడిన కొద్దీ సర్టిఫికేషన్ పని వచ్చిపడుతుంది. తమ యంత్రాల మీద ఆట విడుదల కావాలంటే ఏమేం పాటించాలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో ఎవరికి వారు నియమాలు పెట్టుకున్నారు. ఆడుతుండగా కంట్రోలర్‌తో సంబంధం తెగిపోతే ఆట ఆగి, ఆ సంగతి తెర మీద చెప్పాలన్నది అలాంటి ఒక నియమం. వినడానికి ఒక్క వాక్యమే. కానీ దాన్ని మెనూలో, లోడింగ్ తెర మీద, కథా దృశ్యం నడుస్తుండగా, సేవ్ గుర్తు తిరుగుతుండగా, ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకరిది మాత్రమే తెగినట్టు, ఇలా ప్రతి చోటా బ్యాటరీ పీకి చూడాలి. ఆ వారంలో నేను బ్యాటరీ మూత తెరిచినన్ని సార్లు మా ఇంటి టీవీ రిమోటు మూత ఎవరూ తెరిచి ఉండరు.

పని గంటల విషయం దాచను. నా మొదటి కంపెనీలో విడుదలకు ముందు పది వారాలు శనివారాలు లేవు, రాత్రి క్యాబ్ రెండు గంటలకు దొరికితే అదృష్టం. అంత చేశాక ఆట చివర వచ్చే పేర్ల జాబితాలో కాంట్రాక్టువాళ్ళ పేర్లు వేయలేదు; మా అందరికీ కలిపి ఊరి పేరుతో ఒక్క వరుస వేసి సరిపెట్టారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు పనిచేస్తున్న చోట ఆ ఇబ్బంది లేదు. కనుక మీరు సంతకం పెట్టేముందు కాంట్రాక్టు పొడిగింపు ఏ ప్రాతిపదికన ఇస్తారు, అదనపు గంటలకు డబ్బు ఉందా, పీఎఫ్ ఎవరు కడతారు, క్రెడిట్స్‌లో పేరు వేస్తారా అన్న నాలుగు సంగతులు హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి.

రెండో జవాబు (బెంగళూరు, త్రీడీ ఆర్టిస్టు, సొంత ఊరు వరంగల్)

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట చేరుస్తాను. టెస్టింగ్‌లో చేరితే అక్కడి నుంచి గేమ్ డిజైన్‌లోకి నెమ్మదిగా వెళ్ళిపోవచ్చని చాలామంది అనుకుంటారు. తొమ్మిదేళ్లలో అలా వెళ్ళినవారిని నేను ఇద్దరినే చూశాను, ఆ ఇద్దరూ రాత్రిపూట ఇంట్లో కూర్చుని సొంతంగా చిన్న చిన్న ఆటలు చేసి చూపించినవారే. మీకు ప్రోగ్రామింగ్ వచ్చు కనుక, టెస్టులను యంత్రమే నడిపేలా పైథాన్‌లో స్క్రిప్టులు రాయడం వైపు వెళ్ళడం మీకు దగ్గరి దారి.

మన దేశంలోని స్టూడియోలలో చాలావాటికి పని విదేశాల నుంచి వస్తుందన్న సంగతి కూడా తెలిసి చేరాలి. బెంగళూరులో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ కూడా ఎన్నో ఏళ్లు బయటి కంపెనీల ఆటలకు బొమ్మలు చేసిపెట్టింది. 2019లో విదేశీ గేమ్ కంపెనీ రాక్‌స్టార్ దాన్ని కొనుక్కుంది. కథ, పాత్రలు, రంగులు అన్నీ అక్కడివాళ్ళు నిర్ణయించాక, వాటిలో ఒక ముక్క మన దగ్గరికి వస్తుంది. నా దగ్గరికి ఒకసారి వచ్చిన ముక్క తుప్పు పట్టిన బకెట్. దాని ఆకారం ఒక పూటలో అయిపోయింది. తుప్పు దగ్గరే తలప్రాణం తోకకు వచ్చింది, ఎందుకంటే తుప్పు అంతటా ఒకేలా పట్టదు. నీరు నిలిచే అడుగు అంచున, పిడి ఒరుసుకునే చెవుల దగ్గర పెచ్చులుగా లేస్తుంది, చెయ్యి తగిలే చోట ఇనుము నున్నగా మెరుస్తుంది. మా మేడ మీద పాత బకెట్ ఉంటే దాన్ని నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపమని అమ్మకు చెప్పాను. అవతలి ఆర్ట్ డైరెక్టర్ మూడుసార్లు తిప్పి పంపి, నాలుగోసారి ఒప్పుకున్నారు. ఆటలో ఆ బకెట్ ఒక బావి పక్కన ఉంటుంది. ఆడేవాళ్ళు దాన్ని రెండు సెకన్లలో దాటిపోతారు. ఆ ఆట విడుదలయ్యేదాకా, గోప్యతా ఒప్పందం ఉంది కనుక, ఆ ఫొటోలు దేనికో అమ్మకు కూడా చెప్పలేకపోయాను. నాకైతే ఆ పని ఇష్టం, కానీ అందరికీ నచ్చుతుందని చెప్పను.

మూడో జవాబు (మాంట్రియల్, ప్రోగ్రామర్, సొంత ఊరు తెనాలి)

నేను పదేళ్లుగా ఈ రంగంలో, ఆరేళ్లుగా కెనడాలో ఉన్నాను. ఇక్కడ మాంట్రియల్‌లో ఫ్రెంచి గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ 1997లో స్టూడియో తెరిచింది. ఈ ఊరున్న క్యుబెక్ రాష్ట్ర ప్రభుత్వం ఈ కంపెనీలకు జీతాల ఖర్చులో కొంత భాగాన్ని పన్ను రాయితీగా వెనక్కి ఇస్తూ రావడం వల్ల ఊరు ఊరంతా గేమ్ స్టూడియోలతో నిండింది.

మా పని సమయంతో తగువు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.67 మిల్లీసెకన్లు, ఆ లోపలే బొమ్మ గీయాలి, శత్రువు ఆలోచించాలి, రాయి దొర్లాలి, శబ్దం వినిపించాలి. ఎవరో వర్షాన్ని కొంచెం అందంగా చేస్తారు, దానికి రెండు మిల్లీసెకన్లు ఖర్చవుతాయి, ఆ రెండు ఎవరి దగ్గర నుంచి లాక్కోవాలన్న దాని మీద మీటింగు మీద మీటింగు నడుస్తుంది. సంసారంలో నెలాఖరు లెక్కలు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

పని గంటల గురించి చెప్పారు కనుక ఒక పాత సంగతి. 2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద గేమ్ కంపెనీలో పనిచేసే ఒక ప్రోగ్రామర్‌కు కాబోయే భార్య, తన పేరు చెప్పకుండా, ఆయన పని గంటల గురించి ఇంటర్నెట్‌లో ఒక లేఖ పెట్టారు. దాని మీద పెద్ద చర్చ జరిగింది. అదనపు పని గంటల దావాలను పరిష్కరించుకోవడానికి ఆ సంస్థ 2005లో ఆర్టిస్టులకు 1.56 కోట్ల డాలర్లు, 2006లో ప్రోగ్రామర్లకు 1.49 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అప్పటికంటే ఇప్పుడు మెరుగేనని నా అనుభవం, కానీ విడుదల ముందరి క్రంచ్, అంటే రాత్రింబవళ్ళు చేసే అదనపు పని, పూర్తిగా పోలేదు.

నా భయం వేరే. 2024 జనవరి ఒక్క నెలలోనే ఆటలు తయారుచేయడానికి వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ యూనిటీ సుమారు 1,800 మందిని, మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. కరోనా కాలంలో అందరూ ఇంట్లో కూర్చుని ఆడడంతో ఆ రద్దీ అలాగే ఉంటుందని కంపెనీలు లెక్కవేసుకుని మనుషులను చేర్చుకున్నాయి. ఆ లెక్క తప్పింది. ఒక ఆటను నాలుగేళ్లు, ఐదేళ్లు చేశాక అది అమ్ముడుపోకపోతే దానికి పనిచేసిన బృందం మొత్తం ఒక్క ఈమెయిల్‌తో బయటికి రావచ్చు. అందుకని, ఎక్కడ చేరినా ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉంచుకోమని చెబుతాను. మీ విషయంలో మాత్రం ఒకటి గమనించండి: మొదటి కంపెనీ చేరే తేదీయే చెప్పలేదు. పదకొండు నెలలు ఈ పని చేసి చూడడం వల్ల మీరు పెద్దగా పోగొట్టుకునేది నాకు కనిపించడం లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. హెచ్‌ఆర్‌కు ఆ నాలుగు ప్రశ్నలూ పంపించాను. నాన్నగారు "చూద్దాంలే" అన్నారు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే సగం ఒప్పుకున్నట్టే. చేరే ముందు, ఏదైనా ఆటలో ఒక బగ్ కనిపెట్టి రాసి తీసుకురమ్మన్నారు. నా ఫోనులోని క్రికెట్ ఆటలో దొరికినది ఇలా రాశాను: "బౌలింగ్ చేసేటప్పుడు ఒక్కోసారి బంతి కనిపించడం లేదు." సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

సరిపోదు. "ఒక్కోసారి" అనే మాట మా దగ్గర చెల్లదు. ఏ ఫోను, ఏ ఆండ్రాయిడ్, ఆట ఏ వెర్షన్ అన్నవి ముందు రాయండి. తర్వాత, ఆట తెరిచిన దగ్గర నుంచి బంతి మాయమయ్యేదాకా మీరు నొక్కిన ప్రతి బొత్తాన్నీ వరుసగా రాయండి. ఏమి జరగాలో ఒక వాక్యం, ఏమి జరిగిందో ఒక వాక్యం ఉండాలి. చివరగా, అదే వరుసలో పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చిందో చెప్పాలి. మూడుసార్లే వస్తే, ఆ మూడుసార్లూ అంతకుముందు ఏమి జరిగిందో గుర్తుచేసుకోండి: రిప్లే చూశారా, ఆట మధ్యలో వేరే యాప్ తెరిచారా, ఫోను ఏదైనా వచ్చిందా?

ప్రశ్న అడిగినవారు

నిన్న రాత్రి కూర్చుని చూశాను. మామూలుగా ఆడితే పదిసార్లలో ఒక్కసారి కూడా రాలేదు. రనప్ మొదలయ్యాక ఫోను వస్తే, దాన్ని కట్ చేసి ఆటలోకి తిరిగి వస్తే, పదికి పదిసార్లూ బంతి లేదు. పక్క గదిలో నుంచి వరుసగా ఫోను చేసి పెట్టింది మా నాన్నగారే.