సింగపూర్, మలేషియా ప్రయాణానికి నగదు ఎంత ఉంచుకోవాలి? చెన్నైలో ఎలా మార్చుకోవాలి?

ప్రశ్న (మైలాపూరు నుంచి):

వచ్చే నెలలో అమ్మానాన్నలతో కలిసి చెన్నై నుంచి సింగపూర్ వెళ్లి, అక్కడ నాలుగు రోజులు, ఆ తర్వాత కౌలాలంపూర్‌లో మూడు రాత్రులు గడిపి రావాలనుకుంటున్నాము. విమాన టికెట్లకు, హోటల్ గదులకు ముందే చెల్లించాము. మిగిలిన ఖర్చులకు లక్ష రూపాయల దాకా పక్కన పెట్టాము. ఆ మొత్తాన్నీ నోట్లుగా మార్చుకుని తీసుకెళ్లాలని నాన్నగారి పట్టుదల. పరాయి దేశంలో కార్డు పనిచేయకపోతే ఎవరిని అడుగుతామని ఆయన భయం. నాకు మాత్రం చాలావరకు కార్డుతోనే గడిచిపోతుందని అనిపిస్తోంది. ఎంత నగదు అవసరమో, దాన్ని ఎక్కడ మార్చుకోవాలో, రింగిట్లు (మలేషియా కరెన్సీ) ఇక్కడే కొనాలో అక్కడ కొనాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు. మేము ముగ్గురమూ శాకాహారులము.

సమాధానం (టీ.నగర్ నుంచి):

నేను అన్నాసాలైలో ఒక విదేశీ మారక దుకాణంలో చాలాకాలం పనిచేశాను కాబట్టి కౌంటరు లోపలి సంగతి చెబుతాను. "కమీషన్ లేదు" అన్న బోర్డు చూసి నిర్ణయించుకోవద్దు, ఎందుకంటే దుకాణానికి రావలసిన లాభం రేటులోనే కలిసి ఉంటుంది. గూగుల్‌లో కనిపించే రేటుకు నోట్లు ఎక్కడా దొరకవు. ఏ దుకాణం దానికి ఎంత దగ్గరగా ఉందో చూడటానికి మాత్రం అది పనికివస్తుంది. ఒకే రోజు, ఒకే గంటలో మూడు నాలుగు చోట్లకు ఫోన్ చేసి, "500 సింగపూర్ డాలర్ల నోట్లకు పన్నులు, రుసుములు అన్నీ కలిపి నేను ఎన్ని రూపాయలు కట్టాలి?" అని ఒకే మాట అడగండి. డాలరుకు ఒక్క రూపాయి ఎక్కువ చెప్పినా మీకు 500 రూపాయల తేడా వస్తుంది, అటువంటి చోట 150 రూపాయల సేవా రుసుము మాఫీ చేసినా ఫలితం ఉండదు. జీఎస్టీ లెక్క ఎక్కడైనా ఒక్కటే: లక్ష రూపాయల వరకు, మార్చిన మొత్తంలో 1 శాతాన్ని (కనీసం 250 రూపాయలను) సేవ విలువగా తీసుకుని దానిపై 18 శాతం వేస్తారు, అంటే 60,000 రూపాయల కొనుగోలుకు పడేది 108 రూపాయలే.

మీ నాన్నగారికి తప్పక చెప్పవలసిన విషయం ఒకటుంది. కొనుగోలు విలువ 50,000 రూపాయలు, ఆపైన అయితే దుకాణదారు నోట్ల కట్టలు తీసుకోకూడదు. బ్యాంకు ద్వారానో కార్డు ద్వారానో చెల్లించాలి. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్ ప్రతులు తీసుకెళ్లండి. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న దుకాణంలోనే కొని రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేకుండా మంచి రేటు ఇస్తామనేవారి దగ్గర నకిలీ నోటు వస్తే మీరు ఎవరినీ నిలదీయలేరు. నోట్లు లెక్కపెట్టుకునేటప్పుడు 10, 50 డాలర్లవే అడగండి. సింగపూర్‌లో 1,000 డాలర్ల నోటు ఇప్పటికీ చెల్లుతుంది, కానీ 2021 జనవరి నుంచి కొత్తగా విడుదల చేయడం లేదు. చిన్న అంగడిలో దానికి చిల్లర పుట్టదు. విమానాశ్రయంలో మార్చుకోవడాన్ని వేరే దారి లేనప్పటికే ఉంచుకోండి.

సమాధానం (నెల్లూరు మాది, ప్రస్తుతం సింగపూర్‌లో):

ఎంత నగదు అన్నది మొత్తం ఖర్చును బట్టి కాకుండా, కార్డు చెల్లని చోట్లను బట్టి లెక్క వేయాలి. ఇక్కడ అటువంటివి హాకర్ సెంటర్లలోని (చవకగా తిండి దొరికే అంగళ్ల సముదాయాలలోని) కొన్ని అంగళ్లు, లిటిల్ ఇండియాలోని చిన్న దుకాణాలు, సెరంగూన్ రోడ్డు గుడులలో హుండీ, అర్చనల వంటివి. ముగ్గురికీ రోజుకు 60 డాలర్ల చొప్పున నాలుగు రోజులకు 240, అత్యవసరానికి మరో 110 కలిపి 350 డాలర్ల నోట్లు చాలు. మెట్రో గేటు దగ్గర వీసా, మాస్టర్‌కార్డులను నేరుగా తాకించి వెళ్లవచ్చు, అయితే ఒక కార్డుతో ఒక్కరే వెళ్లగలరు. ముగ్గురూ ఒకే కార్డు తాకిస్తే గేటు తెరుచుకోదు. పెద్దవారి చేతిలో బ్యాంకు కార్డు పెట్టడం ఇష్టం లేకపోతే స్టేషన్‌లో ఈజీ-లింక్ కార్డులు (ముందే డబ్బు వేసుకుని మెట్రో, బస్సులకు వాడేవి) కొనివ్వండి.

రింగిట్లు చెన్నైలో కొనవద్దని నా సలహా. లిటిల్ ఇండియాలోని పెద్ద అంగడి ముస్తఫా సెంటర్‌లోనూ ఆ చుట్టుపక్కలా మార్చేవారు పక్కపక్కనే ఉంటారు కాబట్టి బేరీజు వేసుకోవడం తేలిక. కౌలాలంపూర్‌లో విదేశీయుల నుంచి గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను వసూలు చేస్తారు. గది ముందే బుక్ చేసుకున్నా అది చాలాసార్లు హోటల్లోనే కట్టాలి. మీకు రెండు గదులైతే మూడు రాత్రులకు 60. బటు గుహల (కౌలాలంపూర్ దగ్గరి మురుగన్ గుడి) దగ్గరి కొబ్బరిబోండాలు, టిఫిన్లు, చిల్లర ఖర్చులు కలిపి 400 రింగిట్లు సరిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి చదివి వినిపించాను. నోట్లు తగ్గించడానికి ఆయన ఒప్పుకున్నారు, కానీ కార్డు పనిచేయకపోతే ఏం చేస్తామన్న ప్రశ్న మాత్రం వదలడం లేదు.

సమాధానం (అంబత్తూరు నుంచి):

ఆయన అడగడంలో న్యాయం ఉంది. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఇస్తారు. విదేశీ వాడకాన్ని మనమే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. చాలామందికి కార్డు అక్కడ పనిచేయకపోవడానికి ఇదే కారణం, కాబట్టి బయలుదేరే ముందే చూసుకోండి. వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు తీసుకుని, ఒకటి మీ దగ్గర, రెండోది అమ్మగారి సంచిలో ఉంచండి. ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీని ముందే నింపుకునే కార్డు) తీసుకుంటే అందులో రింగిట్ ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే వేరే కరెన్సీ నుంచి మార్చినందుకు అదనపు రుసుము పడుతుంది. యంత్రం "రూపాయల్లోనా, డాలర్లలోనా?" అని అడిగితే ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి, ఎందుకంటే రూపాయల్లో చూపించే మొత్తంలో వ్యాపారి పక్షం వేసుకున్న మార్పిడి రేటు ఉంటుంది.

నాన్నగారి నిశ్చింత కోసం మడతలు, రాతలు లేని 100 అమెరికన్ డాలర్ల నోట్లు రెండు ఆయన దగ్గరే ఉంచమనండి. రెండు దేశాల్లోనూ వాటిని వెంటనే మార్చుకోవచ్చు, వాడకుండా తిరిగి తెచ్చినా ఇబ్బంది లేదు: 2,000 అమెరికన్ డాలర్ల విలువ వరకు విదేశీ నోట్లను ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకు మించినవి తిరిగొచ్చిన 180 రోజుల్లో అప్పగించాలి. నాణేలు మాత్రం ఇక్కడి దుకాణాలు మామూలుగా కొనవు కాబట్టి వాటిని కౌలాలంపూర్ విమానాశ్రయంలోనే ఖర్చు పెట్టేయండి.