ఇంటి ఎస్ప్రెస్సో యంత్రంతో పాలకు నునుపైన నురగ రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారమండీ. మాది విజయవాడ. మూడు నెలల క్రితం కాఫీకీ ఆవిరికీ ఒకే బాయిలరు ఉన్న చిన్న ఎస్ప్రెస్సో యంత్రం కొన్నాము. కాఫీ బాగానే దిగుతోంది గాని పాల దగ్గరే రోజూ చిక్కు వస్తోంది. ఉదయం కాచిన గేదె పాలు గోరువెచ్చగా ఉండగానే స్టీలు జగ్గులో పోసి, స్టీమ్ వాండ్‌ను (ఆవిరి వచ్చే గొట్టాన్ని) లోపలికి ముంచి ఆవిరి వదులుతున్నాను. ఎంతసేపటికీ నురగ రాకపోయేసరికి చివర్లో వాండ్‌ను పైకి లాగితే, సబ్బు నురగలాంటి పెద్ద బుడగలు లేచి, కప్పులో పోసిన రెండు నిమిషాలకే అణిగిపోతున్నాయి. అడుగున పాలు మామూలు వేడి పాలలాగే పలచగా ఉంటున్నాయి. కాఫీ దుకాణాల్లో పాలూ నురగా ఒకటిగా కలిసిపోయి నునుపుగా జారే ఆ తీరు ఇంట్లో రావాలంటే ఏం చేయాలో, లోపం యంత్రంలో ఉందో నా పద్ధతిలో ఉందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు

మీరు రాసినదాన్ని బట్టి యంత్రంలో లోపం ఉన్నట్టు లేదండీ. గాలి పట్టవలసిన సమయంలో పాలకు గాలి అందడం లేదు, పట్టకూడని సమయంలో అందుతోంది. ఆవిరితో మనం చేయించుకునే పనులు రెండు: పాలలోకి కొద్దిగా గాలి ఎక్కించడం, ఆ గాలిని సుడి తిప్పి కంటికి కనబడనంత చిన్న బుడగలుగా పాలలో కలిపేయడం. మొదటి పని పాలు చల్లగా ఉన్నప్పుడే ముగియాలి. ఎందుకంటే అప్పుడు ఎక్కిన బుడగలు నలిగి చిన్నవి కావడానికి, పాలలోని ప్రొటీన్లు వాటి చుట్టూ పొరలా పట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది. మీరు గోరువెచ్చని పాలతో మొదలుపెట్టడం వల్ల ఆ వ్యవధి ముందే సగానికి సగం పోతోంది. చివర్లో ఎక్కించిన గాలికైతే నలిగే అవకాశమే లేక పైకి తేలిపోతోంది.

కాబట్టి ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పాలను, జగ్గు మూతి మొదలయ్యే చోటు దాటకుండా పోయండి. ఇద్దరికి సరిపడే పాలకు 350 మిల్లీలీటర్ల జగ్గు చాలు. ఆవిరి సిద్ధమైనట్టు దీపం వెలిగాక, ముందుగా ఒక ఖాళీ గిన్నెలోకి కాసేపు వదలండి; గొట్టంలో నిలిచిన నీళ్ళన్నీ పోయి పొడి ఆవిరి వచ్చేదాకా పాలలో పెట్టకండి. తరవాత వాండ్ కొనను పాల ఉపరితలానికి ఆనీ ఆనకుండా, జగ్గు నడిమధ్యన కాక కొంచెం పక్కకు ఉంచి ఆవిరి పూర్తిగా తెరవండి. ఇక్కడ కంటికంటే చెవినే నమ్మాలి. వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినప్పుడు వచ్చే చుయ్‌మనే చప్పుడు విడివిడిగా, సన్నగా వినబడితే గాలి సరిగా ఎక్కుతున్నట్టు. బుడబుడమంటూ పాలు చిందితే కొన మరీ పైకి వచ్చినట్టు; కీచుమని అరిస్తే మరీ లోతుకు పోయినట్టు.

జగ్గు అడుగున అరచేయి ఆనించి ఉంచండి. చల్లదనం పోయి మన ఒంటి వెచ్చదనానికి, అంటే సుమారు 37 డిగ్రీలకు రాగానే వాండ్‌ను అర అంగుళం లోపలికి దించి, ఇక గాలి ఎక్కనివ్వకండి. అక్కడినుంచి పాలు గుండ్రంగా సుడి తిరుగుతుండాలి. చేయి ఆనించలేనంత వేడెక్కాక మూడు లెక్కపెట్టి ఆవిరి ఆపితే 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. 70 దాటితే తీపి తగ్గి ఉడుకు వాసన వస్తుంది, నురగ కూడా బరకబారుతుంది. పొగలు కక్కే కాఫీకి అలవాటుపడిన మనకు 60 డిగ్రీలు తక్కువ అనిపిస్తుంది. అయినా వారం రోజులు అలాగే తాగి చూడమని గట్టిగా చెబుతాను, ఎందుకంటే చక్కెర వేయకపోయినా పాల తీపి తెలిసేది ఆ వేడిలోనే. సరిగా కుదిరిన పాలు చిక్కటి గంజిలా నిగనిగలాడుతూ, జగ్గును తిప్పితే నురగతో సహా ఒక్కటిగా కదులుతాయి.

చేయి తిరిగేదాకా పాలు పారబోయనక్కరలేదు. చన్నీళ్ళలో ఒకే ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి సాధన చేయండి. సుడి, చప్పుడు అచ్చం పాలలాగే ఉంటాయి. నాకు పట్టు దొరికింది అలాగే. తరవాత జగ్గునూ వాండ్‌నూ బాగా కడగడం మాత్రం మరవకండి.

మళ్ళీ అడిగినవారు

ఎంతో వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. రెండు సందేహాలు మిగిలాయి. మా వాండ్‌కు పక్కన చిన్న రంధ్రం ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఉంది, దాన్ని తీసేయాలా? పాలు కాచడం మానేయాలా? మేము పాలవాడి దగ్గర పోయించుకునే పాలే వాడతాము.

జవాబు

ఆ రంధ్రంలోంచి గాలి దానంతట అదే లోపలికి పోతుంది కాబట్టి ఎంత గాలి ఎక్కాలన్నది మీ చేతిలో ఉండదు. తొడుగు ఊడివచ్చేదై, లోపలి గొట్టం పాలకు అందేంత పొడవుంటే తీసేసి చూడండి. ఊడకపోతే మొదట రంధ్రం పాల పైన ఉండేలా పట్టుకుని, పాలు వెచ్చబడగానే అది మునిగేలా దించండి.

పాలవాడు పోసే పచ్చి పాలను కాచడం ఎట్టి పరిస్థితిలోనూ మానకండి; 60 డిగ్రీల దగ్గర ఆపే ఈ ఆవిరి కాచడానికి బదులు కాదు. కాచి చల్లార్చి, మీగడ పూర్తిగా తీసి, వడకట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి వాడండి. మీగడ తునకలు మిగిలితే నునుపు రాదు. పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలైతే, చల్లదనం చెడకుండా తెచ్చుకున్నప్పుడు, కాచకుండానే జగ్గులో పోయవచ్చు. నేర్చుకునే రోజుల్లో 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలు తేలిక. 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలు రుచిగా ఉన్నా నురగ బరువుగా, తక్కువగా వస్తుంది. ఆవిరి నీరై పాలలో దాదాపు పదో వంతు కలుస్తుంది కనుక, కాఫీ పలచబడిందనిపిస్తే అప్పుడు చిక్కటి పాలకు మారండి. ఎంత చేసినా నురగ నిలవని రోజు పాల తేదీ చూడండి. రుచిలో తేడా తెలియకముందే, కొవ్వు విరగడం మొదలైన పాలు నురగను నిలవనివ్వవు.

మరో సభ్యుని జవాబు

పైన రాని సంగతి ఒకటి చేర్చదలచాను. ఆవిరి ఆపిన మరుక్షణమే వాండ్‌ను తడిగుడ్డతో తుడిచి, మరో రెండు సెకన్లు ఆవిరి వదలండి. చల్లబడేటప్పుడు గొట్టం లోపలికి లాగుతుంది. కొనకు అంటిన పాలు అలా లోపలికి పోయి ఎండి రంధ్రాన్ని పూడ్చేస్తాయి. మా ఇంట్లో ఆవిరి బలహీనపడిందని బాగుచేయించడానికి తీసుకువెళ్తే, చివరికి కొనలో గట్టిపడిన పాల పెచ్చు బయటపడింది. వేడినీళ్ళలో నానబెట్టి సన్నని సూదితో తీస్తే సరిపోయింది. మీది ఒకే బాయిలరు కాబట్టి ఆవిరి పని అయ్యాక వేడినీళ్ళ మీట తిప్పి, నీళ్ళు ధారగా వచ్చేదాకా వదలండి. బాయిలరు మళ్ళీ నిండుతుంది, తరవాతి కాఫీ మాడు రుచి రాదు.