రెండు నెలలకే గోలీ ఆపొచ్చా?

పానగల్లు చెరువు: మా తమ్మునికి డిప్రెషన్ అని గోలీ రాసిన్రు, రాత్రి ఒకటి. రెండు నెలలాయె. నిద్ర పడుతుంది, పత్తి చేనుకు పోతుండు. ఇంక ఆపుదామంటున్నరు ఇంట్ల. ఆపొచ్చా?

మూసీ గట్టు: ఎంత జల్ది ఆపితే అంత మంచిది. మెదడుల సెరటోనిన్ అనే రసాయనం తక్కువైందని చెప్పి అంటగడ్తరు. 2022ల లండన్ మానసిక వైద్యురాలు మోంక్రీఫ్ బృందం పాత పరిశోధనలు తిరగేసి, ఆ మాటకు గట్టి ఆధారం లేదన్నది. పైగా అలవాటయితది.

పాలమూరు మందులకొట్టు: జబ్బు దేనివల్ల వచ్చిందన్నది వేరు, మందు పనిచేస్తదా అన్నది వేరు. గోలీ వేసిన కొన్ని గంటలకే నాడీకణాల నడుమ సెరటోనిన్ నిలుస్తది. మనసు తేలికపడేది మాత్రం రెండు నుంచి ఆరు వారాలకు, మెదడు దానికి సర్దుకున్నంక. చాలామందికి ముందు నిద్ర, సత్తువ వస్తయి, దిగులు ఆఖరుకు పోతది. సత్తువొచ్చి దిగులు పోని ఆ నడిమి రోజులే భయం. పురుగుల మందు డబ్బా ఇంట్ల ఉంచొద్దు. మొదటిసారి జబ్బయితే, పూర్తిగా తగ్గినంక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలె. అలవాటు కానేకాదు.

మూసీ గట్టు: కాకపోతే మానేసిన రెండు మూడు రోజులకు తలల కరెంటు కొట్టినట్టు జిల్లుమనుడెందుకు?

పాలమూరు మందులకొట్టు: అది మందు తెగిన బాధ. అలవాటంటే ఇంకా ఇంకా కావాలనుడు.

మూసీ గట్టు: పేరు మారిస్తే బాధ తగ్గుతదా? ఇదే చెప్పి నోరు మూయిస్తరు.

కోయిలకొండ: లొల్లి బంజేసి గోలీ పేరడుగుండ్రి.

పానగల్లు చెరువు: స్ట్రిప్పు మీద ఎస్సిటాలోప్రామ్ 10, క్లోనజిపామ్ 0.5 అని ఉంది.

పాలమూరు మందులకొట్టు: ఓ, ఒక్క గోలీల రెండున్నయా! ఎస్సిటాలోప్రామ్ డిప్రెషన్ మందు, నేను ఇందాక చెప్పింది దాని గురించే. క్లోనజిపామ్ అలవాటయ్యేదే, అందుల మూసీ గట్టు మాటే నిజం. మొదటి వారాల గాబరాకు ఇస్తరు, కొన్ని వారాలకు తీసెయ్యాలె. చటుక్కున ఆపితే ఫిట్సు రావొచ్చు. గోలీ సగానికి విరిస్తే రెండు మందులూ సగమైతయి, అదీ తప్పే. డాక్టరుతోని రెండూ విడివిడిగా రాయించుకోండ్రి. ఎస్సిటాలోప్రామ్ 10 అట్లనే ఉంచి, ముందు క్లోనజిపామ్‌ను మెల్లగ తగ్గిస్తరు.

మూసీ గట్టు: గదే నా కోపం. ఎక్కించేటప్పుడు ఒక్క నిమిషం, ఎట్ల దింపాల్నో చెప్పేటోడు లేడు. మీ కొట్లల్ల అదే పాత చీటీ మీద ఏడాది పొడుగూత ఇస్తనే ఉంటరు.

పాలమూరు మందులకొట్టు: ఇస్తున్నరు, కాదనను. ఎస్సిటాలోప్రామ్ దింపేటప్పుడు కూడా ఆఖరి మెట్టే కష్టం. 10 నుంచి 5కు వస్తే మెదడు మీద పట్టు కొంచెమే సడలుతది, 5 నుంచి సున్నాకు దునికితే ఒక్కపారి జారుతది. నడుమ 2.5 కావాలె. దినం విడిచి దినం వేసుడు వద్దు. దాదాపు 30 గంటలకే మందు సగమైతది, ఒంట్ల ఎగుడుదిగుడైతది.

పానగల్లు చెరువు: తగ్గిందని కాదన్నా ఆపుతున్నది. మాఘంల లగ్గం మాటలున్నయి. గోలీలు బయటపడొద్దంటున్నరు.

మూసీ గట్టు: అట్లయితే నేను ఆపమన్నది లెక్కకు పట్టుకోకు తమ్మీ. లగ్గం కోసం ఆపుడు నేను చెప్పలే.

కోయిలకొండ: 14416కు కొట్టు, టెలీ మానస్, మనసు బాధలకు సర్కారు ఫోన్ లైను. తెలుగుల మాట్లాడ్తరు, పైసల్ తీసుకోరు. స్ట్రిప్పు చేతుల పట్టుకొని చెయ్యి.